పురుగు చంద్రిక ఎక్కిన రోజే బండి సెల్ఫ్ కొట్టి చూడండి



ఈసారి ఆకు గురించి కాదు, ఊజీ ఈగ గురించీ కాదు. బండి బ్యాటరీ గురించి. పట్టుపురుగుల గ్రూపులో బ్యాటరీ ఏమిటి అనుకోవద్దు. పోయిన ఏడాది నా గూళ్ల తూకం తగ్గింది రోగం వల్ల కాదు, బ్యాటరీ వల్ల.

గూళ్లు విడిపించి, ఏరి, సంచులకు ఎత్తి పెట్టాం. ధర్మపురి మార్కెట్‌లో పొద్దున వేలానికి అందాలని చీకటితోనే లేచాం. వ్యాన్‌లో సంచులు పెట్టి తాళం తిప్పితే ‘టిక్’ అని కూడా అనలేదు. లోపలి లైటు కూడా వెలగలేదు. ఎండాకాలమంతా షెడ్డు పక్కన ఊరికే నిలబెట్టిన బండి అది. తోసి చూశాం, లాభం లేదు. తెల్లవారాక గుడియాత్తం టౌన్‌లో బ్యాటరీ షాపు తెరిచేదాకా ఆగి, కొత్తది కొని తెచ్చి బిగించేసరికి వేలం టైము దాటిపోయింది. మరుసటి రోజు పోయాం. గూడు ఒక రోజు ఆగితే తేమ పోయి తూకం తగ్గుతుందని మీకు నేను చెప్పాలా? పైగా ఆ కంగారులో సంచులు విప్పి పరచడం మరిచిపోయాం. మధ్యాహ్నానికి లోపలి గూళ్లు చెమ్మ పట్టాయి.

ఇంతటితో అయిపోలేదు. కొత్త బ్యాటరీ వేసిన బండి ఇంకో పంట మధ్యలో మూడు వారాలు ఆగింది. మళ్లీ అదే కథ! అప్పుడు అర్థమైంది, తప్పు ఒక్క బ్యాటరీది కాదని. అప్పటినుంచి నేర్చుకున్నది, మెకానిక్‌ల దగ్గర అడిగి తెలుసుకున్నది మీకోసం రాస్తున్నాను.

*మన బండ్లకే ఎందుకు ఎక్కువ?*

వేలూరు, గుడియాత్తం, పేర్నంబట్ వైపు ఎండ సంగతి మనకు తెలిసిందే. కత్తిరి వచ్చిందంటే 40 డిగ్రీలు దాటుతుంది. పెద్ద పురుగుకు కావలసింది 24–25 డిగ్రీలు. గోనెపట్టాలు తడిపినా, ఫాగర్ పెట్టినా బైవోల్టిన్ నిలబడదని చాలామంది ఏప్రిల్, మే నెలల్లో పంట ఆపేస్తారు. పంట లేకపోతే బండికి పని లేదు. అంటే మన బండి ఊరికే నిలబడేది సరిగ్గా మంచి ఎండలోనే.

బ్యాటరీకి అదే శత్రువు. వాడకుండా పెట్టినా ప్రతి బ్యాటరీ కొంచెం కొంచెం తనంతట తానే దిగిపోతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగిపోవడం దాదాపు రెండింతలు అవుతుంది. చల్లటి చోట నెలలు ఆగే బ్యాటరీ మన రేకుల షెడ్డు కింద అంత ఆగదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఇదే అందరి ఇళ్లలో జరిగింది. సరిగ్గా ఎండాకాలం. కార్లన్నీ వాకిట్లో నిలబడిపోయాయి. సడలింపు ఇచ్చాక తాళం తిప్పితే ఎన్నో బండ్లు కదలలేదు. ఆ ఏడాది ఊరందరికీ వచ్చిన కష్టం మనకు ప్రతి ఏడాదీ వస్తుంది. అంతే తేడా.

*లోపల ఏం జరుగుతుంది?*

కారు బ్యాటరీలో ఆరు అరలు ఉంటాయి, ఒక్కోదాన్ని సెల్ అంటారు. ఒక్కో సెల్ 2.1 వోల్టులు, మొత్తం 12.6. లోపల సీసం ప్లేట్లు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే ఈనాటికీ నడుస్తోంది. ఇవాళ ఆ బ్యాటరీలు మన పట్టు సీమలోనే తయారవుతున్నాయి. ఎక్సైడ్ వాళ్లకు హోసూరులో ఫ్యాక్టరీ ఉంది. అమరాన్ తయారుచేసే అమరరాజా 1985లో మన పక్క చిత్తూరు జిల్లాలో పుట్టిన కంపెనీ.

చార్జ్ దిగేకొద్దీ ప్లేట్ల మీద సీసం సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే అది మళ్లీ కరిగిపోతుంది. దిగిపోయిన బ్యాటరీని వారాలు, నెలలు అలాగే వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి పలుకులుగా మారి అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ పెట్టినా ఎక్కదు. సున్నపురోగం వచ్చిన పురుగును చూసినట్టే. మొదట్లో కాపాడుకోవచ్చు, గట్టిపడ్డాక ఏమీ చేయలేం.

అందుకే ‘బ్యాటరీ దిగింది’ వేరు, ‘బ్యాటరీ చచ్చింది’ వేరు. దిగినదాన్ని లేపవచ్చు. దిగి ఎన్నాళ్లు అయిందన్నదే అసలు ప్రశ్న.

*తాళం తిప్పితే ఏం వినిపిస్తోంది?*

మొదటి పరీక్షకు మీటర్ అక్కర్లేదు, చెవులు చాలు.

1. చప్పుడే లేదు, లైట్లు కూడా లేవు: బ్యాటరీ పూర్తిగా దిగింది, లేదా టెర్మినల్ ఊడింది.

2. ‘టిక టిక టిక’ అని వరసగా కొట్టుకుంటోంది: చార్జ్ తక్కువగా ఉంది. లేదా టెర్మినల్ పట్టు సరిగా లేదు.

3. లైట్లు బాగా వెలుగుతున్నాయి, ఒక్కసారి ‘టక్’ మని ఆగిపోతోంది: సెల్ఫ్ మోటర్ మీద అనుమానం. కొత్త బ్యాటరీ కొనకండి.

4. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు: బ్యాటరీ బాగుంది. పెట్రోలు, డీజిలు, ప్లగ్గు వైపు చూడండి.

ఆ తర్వాత బానెట్ ఎత్తి టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే కరెంటు పారదు. మన బండ్లలో ఇది ఎక్కువ. షెడ్డు శుద్ధికి తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ సంచి వ్యాన్‌లోనే వదిలేస్తాం. ఆ ఘాటుకు ఇనుము, రాగి, సీసం అన్నీ తినేస్తాయి. బ్లీచింగ్, ఫార్మలిన్ డబ్బాలు బండిలో గానీ బండి పక్కన గానీ నిల్వ పెట్టవద్దు.

శుభ్రం చేసే పద్ధతి: ఇంజిన్ ఆపి, ముందు మైనస్ వైరు ఊడదీయాలి, తర్వాత ప్లస్. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరబెట్టాలి. ఆ సోడానీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. పైన కొంచెం వ్యాసలీన్ రాస్తే మళ్లీ పొడి పట్టదు. చేత్తో తిప్పితే వైరు కదలకూడదు. చాలాసార్లు ఇంతటితోనే బండి లేస్తుంది.

*మీటర్ ఏం చెబుతోంది?*

చిన్న మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. షెడ్డులో ఇన్వర్టర్‌కు, ఫాగర్ మోటరుకు, అన్నింటికీ పనికొస్తుంది. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర కొన ప్లస్‌కు, నల్ల కొన మైనస్‌కు తాకించండి. బండి ఆగి కొన్ని గంటలు అయ్యాకే చూడాలి.

12.6 లేదా ఆపైన: నిండుగా ఉంది
12.4: ముప్పావు వంతు
12.2: సగం
12.0: పావు వంతు
11.9 కన్నా తక్కువ: దిగిపోయింది, ఈ రోజే చార్జ్ పెట్టాలి
10.5 దగ్గర, చార్జ్ పెట్టినా పైకి రావడం లేదు: ఒక సెల్ పోయిందని అనుమానం

ఇంకొకరు సెల్ఫ్ కొడుతుండగా మీటర్ చూడండి. 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీకి బలం లేదు. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కు పడే ముసలి బ్యాటరీలు ఉంటాయి. వాటిని నమ్మి ధర్మపురి బయలుదేరవద్దు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంతకన్నా బాగా తక్కువ ఉంటే ఆల్టర్నేటర్ గానీ బెల్టు గానీ చూపించాలి. అది చార్జ్ చేయకపోతే ఎన్ని బ్యాటరీలు మార్చినా దండగే.

మూతలు ఉన్న బ్యాటరీ అయితే నీళ్లు చూడండి. ప్లేట్లు బయటపడి ఉంటే మునిగేంతవరకు డిస్టిల్డ్ వాటర్ పోయండి. చార్జ్ అయ్యాక గీత దాకా నింపండి. బోరు నీళ్లు, ఆర్‌ఓ క్యాన్ నీళ్లు వద్దు. యాసిడ్ అసలే పోయవద్దు, తగ్గేది నీళ్లు మాత్రమే. హైడ్రోమీటర్ ఉన్న షాపులో ఆరు సెల్లూ చూపించండి. ఐదు బాగుండి ఒక్కటి మాత్రం 0.050 కన్నా ఎక్కువ తేడా చూపిస్తే ఆ సెల్ పోయినట్టే.

*ఇప్పుడే పోవాలి, సంచులు ఎత్తేశాం అంటే?*

మొదట సంచులు దించి, మూతి విప్పి, గూళ్లను నీడలో పలుచగా పరచండి. బండి ఎప్పుడు లేస్తుందో తెలియదు. గూళ్లు ఉక్కకూడదు. నేను చేసిన తప్పు మీరు చేయవద్దు.

తర్వాత జంపర్ కేబుల్. పక్కింటి కారు గానీ, 12 వోల్టుల ట్రాక్టర్ గానీ దగ్గరికి తెచ్చుకోండి. పెద్ద లారీలు, బస్సులు 24 వోల్టులు. వాటినుంచి తగిలిస్తే మన బండి కంప్యూటర్ కాలిపోతుంది. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండింటికీ తాళం ఆపి ఉండాలి.

మొదట: ఎర్ర వైరు ఒక కొన దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు.
రెండు: ఎర్ర వైరు రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు.
మూడు: నల్ల వైరు ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కు.
నాలుగు: నల్ల వైరు రెండో కొన మన బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుప బోల్టుకు, బ్యాటరీకి దూరంగా.

ఆ చివరిది బ్యాటరీకి తగిలించవద్దని ఎందుకు అంటారంటే, బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. ముఖం మీద యాసిడ్ పడుతుంది. బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు. యాసిడ్ పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి.

మంచి బండిని ఐదు నిమిషాలు నడిపి, తర్వాత మన బండి సెల్ఫ్ కొట్టండి. లేచాక వైర్లు తగిలించిన దానికి ఉల్టా వరసలో తీయండి.

తోసి స్టార్ట్ చేయడం పాత బండ్లలో కుదురుతుంది. రెండో గేరు, క్లచ్ తొక్కి, వేగం వచ్చాక వదలడం అందరికీ తెలిసిందే. కానీ బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఇప్పటి బండ్లలో పెట్రోలు పంపు కూడా పనిచేయదు. ఎంత తోసినా లేవదు. ఆటోమేటిక్ గేరు బండిని తోయనే కూడదు. దిగుడులో తోసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి.

బండి లేచిందని సంబరపడి దారిలో టీ కొట్టు దగ్గర ఆపవద్దు. మార్కెట్ దాకా పోయి వచ్చినంత మాత్రాన దిగిన బ్యాటరీ నిండదు. ఇంటికి వచ్చాక చార్జర్ పెట్టాల్సిందే.

*చార్జ్ ఎలా, ఎక్కడ?*

బ్యాటరీ మీద ఏహెచ్ అని అంకె ఉంటుంది. అందులో పదో వంతు ఆంపియర్లు పెట్టాలి. చిన్న కార్లకు వచ్చే 35 ఏహెచ్ బ్యాటరీకి 3.5 ఆంపియర్లు, సుమారు 10–12 గంటలు. షాపులో ‘గంటలో ఎక్కిస్తాం’ అని పెద్ద కరెంటు పెడితే ప్లేట్లు వేడెక్కి వంగుతాయి. పైన చెయ్యి పెడితే కాలేంత వేడి ఉంటే ఆపేయాలి. రాత్రి పెట్టి పొద్దున తీయడమే మంచిది.

చార్జ్ తీసి, కొన్ని గంటలు ఊరికే ఉంచి, మీటర్ పెట్టండి. 12.5, 12.6 నిలబడితే బతికినట్టే. మరుసటి రోజుకు 12.2కు పడిపోతే దాని పని అయిపోయింది.

ముఖ్యమైన మాట: పురుగుల షెడ్డులో బ్యాటరీ చార్జ్ పెట్టవద్దు. కరెంటు ప్లగ్గు అక్కడే దగ్గరగా ఉందని చాలామంది అదే చేస్తారు. చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే గ్యాసు, యాసిడ్ ఆవిరి మూసిన షెడ్డులో మనకూ మంచిది కాదు, పురుగుకూ మంచిది కాదు. ఆకు నిల్వ గది కూడా వద్దు. గాలి ఆడే వరండాలో పెట్టండి. బ్యాటరీ ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగాకే ఆకు ముట్టండి.

*కొత్త బ్యాటరీ కూడా ఎందుకు దిగింది?*

ఇక నా రెండో దెబ్బ సంగతి. మూడు వారాలు ఆగిన బండిలో కొత్త బ్యాటరీ 11.8కు పడింది. నేను వారంటీ కార్డు పట్టుకుని షాపుకు బయలుదేరాను. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఆపాడు. “అన్నా, కుండకు చిల్లి ఉంటే కొత్త నీళ్లు పోసి ఏం లాభం? ముందు చిల్లి ఎక్కడో చూద్దాం” అన్నాడు.

ఆయన చేసింది ఇది. తాళం తీసి, డోర్లన్నీ మూసి అరగంట ఆగాడు. మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టాడు. మామూలుగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు ఉండవచ్చు. గడియారం, తాళం అలారం లాంటివి తినేది అంతే. నా బండిలో ఇంకా ఎక్కువ ఉంది. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ వచ్చాడు. ఏది తీసినా తగ్గలేదు. చివరికి పాటల పెట్టె వైరు పట్టుకున్నాడు. ఎవరో ఎప్పుడో దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపేశారు. ఆ వైరు తీయగానే మీటర్ పడిపోయింది.

లెక్క చూడండి. 50 మిల్లీ ఆంపియర్లు అంటే రోజుకు 1.2 ఏహెచ్. 35 ఏహెచ్ బ్యాటరీ నెలలో ఖాళీ. సగం దిగినా చాలు, సెల్ఫ్ తిరగడానికి ఇబ్బందే, కాబట్టి రెండు వారాలకే అనుమానం. గూళ్లు ఎత్తేటప్పుడు వెలుతురు కోసం వెనక పెట్టుకున్న 5 వాట్ల బల్బు ఆపడం మరిచిపోతే నాలుగు రోజులు కూడా పట్టదు. జీపీఎస్, కెమెరా, పాటల పెట్టె, సెల్‌ఫోన్ చార్జర్, అదనంగా పెట్టించిన ప్రతిదాన్నీ మొదట అనుమానించండి.

ఒక జాగ్రత్త. ఆంపియర్ల మీద మీటర్ పెట్టి ఉండగా తాళం తిప్పకూడదు, సెల్ఫ్ కొట్టకూడదు. మీటర్ కాలిపోతుంది. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, కానీ తప్పకుండా చేయించండి.

ఆ కొత్త బ్యాటరీ ఒక రాత్రి చార్జ్‌తో లేచింది. ఇప్పటికీ నడుస్తోంది. మొదటి బ్యాటరీని కూడా ఆ పాటల పెట్టె వైరే తినేసి ఉంటుంది. రెండు నెలలు పైగా ఖాళీగా పడి ఉండటంతో అది గట్టిపడిపోయింది.

*కొనక తప్పదు అంటే*

బ్యాటరీ వయసు నాలుగేళ్లు దాటి, చార్జ్ నిలవక, సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టులు పడిపోతుంటే కొత్తది తీసుకోండి. పొట్ట ఉబ్బినా, పగిలినా, కారినా ఒక్క రోజు కూడా వాడవద్దు. కొనేటప్పుడు తయారైన నెల చూడండి, షాపులో నెలల తరబడి పడి ఉన్నది వద్దు. అక్కడే మీటర్ పెట్టించండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

పాతదానికి ధర ఉంటుంది, అడిగి తగ్గించుకోండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సరైన రీసైక్లింగ్‌కే పోవాలి. యాసిడ్‌ను తోట గట్టు మీద పారబోసేవాళ్లు ఉన్నారు. ఆ సీసం మట్టిలో చేరితే పోదు. ఆ మట్టిలో పెరిగిన ఆకే మన పురుగు తినాలి.

*బండికి కూడా పంట క్యాలెండర్*

పంట ఆపేటప్పుడు: షెడ్డు కడిగి శుద్ధి చేసే రోజే బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి, మైనస్ వైరు ఊడదీసి పెట్టండి. నీడలో నిలపండి. కొత్త మోడల్ కార్లలో వైరు తీసేముందు కంపెనీ పుస్తకం చూడండి లేదా మెకానిక్‌ను అడగండి.

ఆగి ఉన్నన్నాళ్లు: నెలకోసారి మీటర్ పెట్టండి. 12.4కు దిగితే చార్జ్ చేయండి. వైరు తీయని బండి అయితే 10–15 రోజులకోసారి ముప్పావు గంట రోడ్డు మీద నడపండి. వాకిట్లో ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేస్తే లాభం లేదు. 

చాకీ తేవడానికి రెండు రోజుల ముందు: ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడండి. చాకీ పురుగును చల్లటి పూటే తేవాలి. ఎండెక్కాక తెచ్చిన చాకీ ఎలా ఉంటుందో మనకు తెలుసు.

పండిన పురుగును చంద్రిక ఎక్కించిన రోజు: సాయంత్రం పని అయ్యాక తప్పకుండా బండి తాళం తిప్పండి. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. సంకర జాతి అయితే గూళ్లు విడిపించడానికి ఇంకా 5–6 రోజులు ఉంది, బైవోల్టిన్ అయితే 7–8 రోజులు. ఆ రోజు బండి లేవకపోయినా భయం లేదు. చార్జ్ పెట్టడానికి, చిల్లి వెతకడానికి, కొనాల్సి వస్తే నాలుగు షాపులు తిరిగి బేరం ఆడటానికి టైము ఉంటుంది. అదే సంచులు ఎత్తిన పొద్దున తెలిస్తే, షాపువాడు చెప్పిందే ధర, మార్కెట్‌లో దొరికిందే రేటు.

నెలరోజులు రాత్రీ పగలూ పెంచిన పంట చివరి రోజున ఒక వైరు దగ్గర ఆగిపోకూడదు. మీ బండి ఎన్నాళ్లుగా ఊరికే నిలబడి ఉంది? ఈ రోజే పోయి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడండి. మీటర్ ఎంత చూపించిందో గ్రూపులో రాయండి. ఎక్కడైనా చిక్కుకుంటే అడగండి, తెలిసినవాళ్లు చెబుతారు.